పోయిన బండికి ఆరు నెలలే గడువు

ఏ పోలీస్ స్టేషన్ ఆవరణ చూసినా తుప్పు పట్టిన బండ్లు కనబడతాయి. సొంతదారు రాకపోతే వాటి గతేమిటి?

పోలీసులు తమంతట తాము అమ్మేదానికి లేదు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువు సంగతి మేజిస్ట్రేటుకు తెలపాలి. సొంతదారు ఎవరో తెలియకుంటే మేజిస్ట్రేటు ప్రకటన ఇప్పిస్తారు. ఆ తేదీ నుంచి ఆరు నెలల్లో హక్కుదారు రుజువుతో రావాలి. ఎవరూ రాకుంటే సర్కారు వశం, అమ్మేయొచ్చు. పాడైపోయే సరుకు, పదివేల లోపు విలువున్న వస్తువు అయితే అంతవరకూ ఆగక్కర్లేదు. మన సైకిళ్లు, పాత ఫోన్లు ఈ లెక్కలోకే వస్తాయి.

కేసు నడుస్తా ఉన్నా బండి అడగొచ్చు. తగిన బాండు రాయించుకుని ఇచ్చేయాలి, స్టేషన్లో పదిహేను రోజులు, మహా అంటే నెలకు మించి ఉంచొద్దు అని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

కాబట్టి షిఫ్టు పోతుందని ఊరుకోవద్దండి. వస్తువు పోయిన రోజే ఫిర్యాదిచ్చి నకలు తీసుకోండి. సెకండ్ హ్యాండు బండి కొంటే ఆర్.సి. మీ పేరుకు మార్పించుకోండి. లేకుంటే మీదని చూపించేది కష్టం. ఫోను బిల్లు, ఐఎంఈఐ నంబరు ఇంట్లో రాసిపెట్టుకోండి. మన పావగడ తాలూకాలో ఇంటి మాట తెలుగే అయినా ప్రకటన కన్నడంలో ఉండొచ్చు. చదవను రాకుంటే బడికి పోయే పిల్లలతో చదివించుకోండి.