పుట్టింటికి వచ్చు బిడ్డలు - అద్దె కారు - కావలసిన పత్రములు

సంక్రాంతికో, పెండ్లికో, పెద్దలను చూచిపోవుటకో పరదేశమునుండి బిడ్డలు వచ్చుచున్నారన్న వార్త అందగానే ఇల్లాలు మొదట తలచునది వంటయు, పడకయు. ఆ తరువాతిది బండి. శంషాబాదు విమానాశ్రయమున దిగి గుంటూరు పల్లెలకు పోవలెనన్నను, రెండు వారములలో అత్తవారిల్లు, మేనమామ ఇల్లు, తిరుపతి కొండ చూచి రావలెనన్నను, కారొకటి చేత నుండుట సౌకర్యమే. “వచ్చునప్పటికి ఒక కారు మాటాడి యుంచుమమ్మా” అని వారు చెప్పుటయు, మనము ఎరిగినవారి ద్వారమున కుదుర్చుటయు ఇప్పుడు చాల ఇండ్లలో జరుగుచున్నది. కారు కుదుర్చునది మనమే యైనప్పుడు దానికి కావలసిన పత్రముల సంగతి ఎరిగియుండుటయు మన పనియే.

ఈ పత్రములు అద్దెకిచ్చువాని తృప్తికొరకు మాత్రమే యని తలచరాదు. మార్గమున ఆపద సంభవించిన దినమున భీమా నిలుచునా, కూలునా యన్నది వీనిపైననే ఆధారపడియున్నది. నడపువానికి చెల్లుబడియగు లైసెన్సు లేనిచో భీమా సంఘము తన బాధ్యతను కాదనుటకు చట్టమే అవకాశ మిచ్చుచున్నది. గాయపడినవారికి మొదట సొమ్ము చెల్లించి, పిదప దానిని బండి యజమానినుండి రాబట్టుకొనుటకును న్యాయస్థానములు అనుమతించుచున్నవి. 2004లో సుప్రీంకోర్టు ఇట్టి తీర్పునే చెప్పినది. ఒక్క కాగితపు లోపమువలన ఒక కుటుంబపు ఏండ్ల కూడబెట్టు పోవచ్చును.

అద్దె కారు రెండు విధములు. డ్రైవరుతో కూడ తీసికొనునది మొదటిది. అందు మన బిడ్డలకు లైసెన్సుతో పనిలేదు. ఆ డ్రైవరునకు లైసెన్సును, బండికి పర్మిటును ఉండిన చాలును. తామే నడపుకొనునది రెండవది. చిక్కులన్నియు దీనిలోనివే.

మొదట బండి నంబరు పలక చూడుడు. పెట్రోలు, డీజిలు కార్లలో పసుపుపచ్చ పలకపై నల్లని అక్షరము లున్నచో అది డ్రైవరుతో అద్దెకు తిరుగు బండి. నల్లని పలకపై పసుపుపచ్చ అక్షరము లున్నచో స్వయముగా నడపుకొనుటకు అద్దెకిచ్చు బండి. తెల్లని పలకపై నల్లని అక్షరములున్నది గృహస్థుని సొంత బండి. దానిని అద్దెకిచ్చుటకు అనుమతి లేదు. విద్యుత్తుతో నడచువానికి ఆకుపచ్చ పలక వేరుగా నున్నది. “మా బావమరిది కారున్నది, దినమునకింత యిండు” అని ఎవరైన తెల్ల పలక బండి చూపినచో, ధర తక్కువయని ఒప్పుకొనకుడు. పర్మిటు లేక సొమ్ము తీసికొని తిప్పుట నేరము. ఆపద వచ్చినచో భీమా సంఘము మొగము చాటువేయును. బంధువుల కారును ఉచితముగా ఎరువు తెచ్చుకొనుటలో మాత్రము దోషము లేదు. అప్పుడును నడపువాని లైసెన్సు, బండి భీమా సరిగా నుండవలయును.

ఇక లైసెన్సు మాట. పరదేశపు లైసెన్సుతో మన రోడ్లపై నడపువారు దానితోపాటు అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటును కూడ చేతనుంచుకొనవలయును. ఇది 1949లో జెనీవా నగరమున దేశములు చేసికొన్న ఒడంబడికనుండి పుట్టినది. స్వదేశపు లైసెన్సు లేక ఇది యొక్కటియే చెల్లదు. లైసెన్సు ఇచ్చిన దేశముననే దీనిని పొందవలయునన్నది అందరును మరచునది. అమెరికాలో అమెరికను ఆటోమొబైల్ అసోసియేషను దీనిని ఇచ్చుచున్నది. బ్రిటనులో 2024 మార్చివరకు తపాలా కార్యాలయములలో ఇచ్చెడివారు. ఆ ఏప్రిలునుండి పేపాయింటు దుకాణములలో ఇచ్చుచున్నారు. హైదరాబాదు చేరిన పిదప మన రవాణా కార్యాలయమున అడిగిన లాభము లేదు. అచట ఇచ్చునది మన దేశపు లైసెన్సు కలవారు పరదేశమున నడపుటకు. అమెరికాలో లభించు పర్మిటు ఒక సంవత్సరమునకు మించి చెల్లదు. పదేండ్లు చెల్లునని చెప్పి అంతర్జాలమున అమ్ముడుపోవు అంతర్జాతీయ “లైసెన్సులు” వట్టి కాగితములు.

మన దేశపు పాత లైసెన్సు ఇంట పెట్టెలోనున్నచో దానిని తీసి గడువు చూడుడు. 2019 సవరణకు పూర్వము సొంత కార్లకు ఇచ్చినది ఇరువది సంవత్సరములకో, ఏబదవ యేటికో, ఏది ముందైన దానికి ముగియును. పందొమ్మిదవ యేట పొందినవానికి ముప్పదితొమ్మిదవ యేట గడువు తీరినదన్నమాట. తీరి ఏడాది దాటనిచో పరీక్ష లేక పునరుద్ధరింపవచ్చును. దాటినచో మరల నడపి చూపవలయును. నలుబది యేండ్లు దాటినవారు వైద్యుని ధ్రువపత్రమును జతచేయవలయును. గడువు తీరిన లైసెన్సుతో నడపుట లైసెన్సు లేక నడపుటయే. దానికి చట్టము చెప్పిన జుల్మానా 5,000 రూపాయలు. మూడు నెలలవరకు ఖైదును విధింపవచ్చును. తెలిసి బండి యిచ్చిన యజమానికిని శిక్ష కలదు.

అద్దెకిచ్చువారు సాధారణముగా అడుగునవి పాసుపోర్టు, వీసా లేక ఓసీఐ కార్డు, లైసెన్సు, అంతర్జాతీయ పర్మిటు, ధరావతు కొరకు బ్యాంకు కార్డు, ఇచటి ఫోను నంబరు. మన దేశపు లైసెన్సును, బండి పత్రములను డిజిలాకరున చూపినను చెల్లును. పరదేశపు లైసెన్సునకు అట్టి సౌకర్యము లేదు గనుక అసలు పత్రమునే వెంట నుంచుకొనవలయును.

తాళము పుచ్చుకొనుటకు ముందు మనము అడుగవలసినవియు కలవు. బండి రిజిస్ట్రేషను, భీమా, పర్మిటు, ఫిట్‌నెస్, కాలుష్య ధ్రువపత్రము చెల్లుబడిలో నున్నవా? బండి చెడినచో మనము భరింపవలసిన మొత్తమెంత? తెలంగాణనుండి ఆంధ్రప్రదేశములోనికి పోవుటకు పర్మిటు చాలునా? 2014లో రాష్ట్రము రెండైన పిదప ఇది అవశ్యము అడుగవలసిన ప్రశ్న. ఎవరెవరు నడపుదురో వారందరి పేర్లును ఒప్పందమున వ్రాయించుడు. అల్లుడు అలసినాడని పేరులేని బావమరిది చక్రము పట్టినచో ఒప్పందము భంగమగును. బండిపై ముందే యున్న గీతలను, సొట్టలను ఫొటో తీసియుంచుడు.

అమెరికాలో బండ్లు రోడ్డునకు కుడిప్రక్కన, మనదేశమున ఎడమప్రక్కన నడచును. అచటి అలవాటుతో వచ్చినవారు ఎన్ని పత్రములున్నను రాత్రి ప్రయాణమున దిగియు దిగకమునుపే చక్రము పట్టకుండుట మేలు.

కావున సోదరీమణులారా, బిడ్డలు బయలుదేరుటకు నెలకు ముందే ఈ మాటలు వ్రాయుడు: “నీ లైసెన్సు గడువు చూచుకొనుము. అంతర్జాతీయ పర్మిటు అచటనే తీసికొని రమ్ము. ఇచట ఎవరెవరు నడపుదురో తెలుపుము.” ప్రత్యుత్తరమున ఒక్క పత్రమైనను లేదని తెలిసినచో, మొగమాటము విడిచి పసుపు పలక బండిని డ్రైవరుతోనే మాటాడుడు. ఆ కిరాయి ఎంత యైనను న్యాయస్థానపు ఖర్చుకంటె తక్కువయే.