రాట్నం ఆగిన చోట

ఎడిటర్‌గారు ఫోన్‌లో చెప్పింది రెండే ముక్కలు. మదనపల్లెలో జనగణమనకు స్వరాలు రాసిన ఐర్లండ్ ఆవిడ మీద ముఖచిత్ర కథనం కావాలి, బుధవారం సాయంత్రానికల్లా పేజీలు వెళ్లిపోవాలి. తిరుపతిలో బస్సెక్కి పీలేరు దాకా ఆవిడ గురించే చదువుకున్నాను. తర్వాత చెవిలో పెట్టుకున్న ఒక జర్మన్ పాట నన్ను పక్కదారి పట్టించింది. ఈ కథనంలో ఎక్కువ చోటు ఆ పాటకే ఇస్తున్నాను.

ముందు ఆవిడ సంగతి. మార్గరెట్ కజిన్స్ 1878లో పుట్టారు, డబ్లిన్‌లో సంగీతం నేర్చి 1902లో పట్టా పుచ్చుకున్నారు, 1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో మన దేశం వచ్చారు. 1919 ఫిబ్రవరిలో టాగోర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొద్దిరోజులు ఉన్నారు. 1911 నాటి తన పాటను అక్కడ పాడి వినిపించారు, ఇంగ్లిష్‌లోకి మార్చి తన చేత్తో రాసిచ్చారు. మార్గరెట్ ఆ పాట బాణీని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించారు. 1950 జనవరి 24న అదే పాట జాతీయగీతమైంది. చరిత్ర ఇంతే.

ఐదు గీతల మీద నల్లచుక్కలు పెట్టే ఆ రాత ఎంత పని చేయగలదో తెలియాలంటే, అది పెరిగిన ఇంటికే వెళ్లి చూడాలి. వియన్నాలో 1814 అక్టోబర్ 19న పదిహేడేళ్ల ఫ్రాంజ్ షూబర్ట్ రాసిన పాట ‘రాట్నం దగ్గర గ్రెచెన్’. ఒక ఆడగొంతు, ఒక పియానో, అంతే. ఇలాంటి పాటను జర్మన్లు ‘లీడ్’ అంటారు. మాటలు జర్మన్ కవి గేటేవి, ‘ఫౌస్ట్’ నాటకంలోవి. ప్రియుడి మీద మనసు పోయిన పిల్ల రాట్నం ముందు కూర్చుని తనలో తాను చెప్పుకునే గోడు అది.

పియానో కుడిచెయ్యి ఆగకుండా సుళ్లు తిరుగుతుంది. అది చక్రం. ఎడమచేతిలో తుంచి తుంచి పడే దెబ్బ కాలితో తొక్కే పలక. నాకు జర్మన్ రాదు. ఆ రెండు చేతులూ వింటే ఆ పిల్ల ఎక్కడ కూర్చుందో, ఏం చేస్తోందో తెలిసిపోయింది. అతని నడక, అతని చిరునవ్వు, అతని మాట తలచుకుంటున్నకొద్దీ చక్రం వేగం అందుకుంటుంది, గొంతు మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. చివరికి అతని ముద్దు గుర్తుకొచ్చి గొంతు పైస్థాయిలో నిలబడిపోతుంది. అదే క్షణాన రాట్నం ఆగిపోతుంది.

నిశ్శబ్దం. పియానో ఒకసారి తిప్పబోయి ఆగుతుంది. మళ్లీ తిప్పబోయి ఆగుతుంది. మూడోసారికి గానీ చక్రం దారిలో పడదు. ఆ పిల్ల చేతులు ఇంకా వణుకుతున్నాయని ఆ ఖాళీలు చెబుతాయి. ఆ ఖాళీలను కూడా షూబర్ట్ కాగితం మీద రాసిపెట్టాడు.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాల వీధుల్లో నడుస్తుంటే ఇదే చూశాను. ఒక పెద్దామె అరుగు మీద కండెలు చుడుతోంది. పోగు తెగింది. రాట్నం ఆపి, రెండు కొసలూ వేళ్ల మధ్య నలిపి ముడి వేసి, చక్రాన్ని ఒకటి రెండుసార్లు మెల్లగా కదిపి చూసి, ఆ తర్వాతే జోరు పెంచింది. షూబర్ట్ ఎంత నిజం రాశాడో నాకు ఆ అరుగు దగ్గర అర్థమైంది.

ఆ పాట వింటే మన చెవికి మొదట ‘గమకం ఏదీ?’ అనిపిస్తుంది. సంగతులు వేయడం ఉండదు, ఉన్న స్వరం ఉన్నట్టే పాడాలి. కానీ పల్లవి మాత్రం మనదే అనిపిస్తుంది. మనశ్శాంతి పోయిందనే తొలి చరణం మధ్యలో రెండుసార్లు తిరిగొస్తుంది. గేటే కవిత చివర అది లేదు. షూబర్టే దాని మొదటి పంక్తులు తెచ్చి ఆఖర్న పెట్టాడు. పిల్ల కథ ఎటూ తేలదు, పల్లవి సగంలో సన్నగిల్లి ఆగుతుంది. పదిహేడేళ్లవాడికి ఆ సగం పల్లవి ఎలా తట్టిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తిరిగి తిరుపతి చేరేసరికి మనసు అన్నమయ్య మీదికి పోయింది. తిరుమల రాగిరేకుల మీద 12 వేలకు పైగా సంకీర్తనలు మనకు దక్కాయి. ఒక్కో పాట మీద రాగం పేరుంది, స్వరాలు లేవు. ఆయన ఏ బాణీలో పాడాడో ఎవరికీ తెలియదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కొత్తగా బాణీలు కడితే ఇవాళ పాడుకుంటున్నాం. అవి గొప్ప బాణీలే. అన్నమయ్య గొంతులోవి మాత్రం కావు. షూబర్ట్ విషయంలో ఈ లోటు లేదు. రెండు వందల ఏళ్లు దాటినా, రాట్నం ఎక్కడ తడబడిందో అక్కడే తడబడుతోంది.

వినాలనుకునేవారికి

షూబర్ట్ 31 ఏళ్లకే పోయాడు, 600కు పైగా పాటలు రాశాడు. గ్రెచెన్ పాటకు ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ గొంతు, ఎడ్విన్ ఫిషర్ పియానో ఉన్న 1952 నాటి రికార్డు వెతకండి. ఎలీ అమెలింగ్ పాడింది ఇంకాస్త లేతగా ఉంటుంది. తర్వాత షూమన్ 1840లో కూర్చిన ‘స్త్రీ ప్రేమ, జీవితం’ ఎనిమిది పాటలూ వరసగా వినాలి. చివర్లో భర్త చనిపోయి ఆ స్త్రీ గొంతు మూగబోతే, మొదటి పాటను పియానో ఒక్కటే గుర్తుచేసుకుంటుంది. రిచర్డ్ స్ట్రాస్ 1894లో భార్య పౌలినాకు పెళ్లి కానుకగా ఇచ్చిన పాటల్లో ‘రేపు’ ఒకటి. అందులో పియానో చాలాసేపు మాట్లాడాక గాయని ‘మరి’ అన్నట్టు మధ్యలో అందుకుంటుంది. అర్థం ముందే చదువుకుని, కళ్లు మూసుకుని, మొదట పియానోనే వినండి.

చివరిగా ఒక మాట

మదనపల్లెకు దగ్గర్లోనే తరిగొండ. భక్త కవయిత్రి వెంగమాంబ పుట్టిన ఊరు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో చెక్కభజన పాటలు, మంగళహారతులు పాత బాణీల్లో పాడే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి అవ్వ ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని పాడించండి, ఫోన్‌లో రికార్డు చేయండి. సంగీతం తెలిసిన వాళ్లతో స్వరాలు రాయించి, ఆమె ఎక్కడ ఆగిందో కూడా రాయించండి.