‘జ్ఞా’ – ఐఫోన్ క్రాష్ (2018): దోషశోధన దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం: 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ అప్లికేషన్లను క్రాష్ చేసిన ‘జ్ఞా’ ఉదంతం వార్తల్లో ‘తెలుగు అక్షరం’ వల్ల కలిగిన ఇబ్బందిగా ప్రచారమైంది. ప్రోగ్రామ్ ఆగిన చోటు, దోషమున్న చోటు ఒకటి కానక్కరలేదనే సూత్రం ఆధారంగా ఆ ఉదంతాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: తెలుగు లిపి, యూనికోడ్, వత్తు, మెమరీ, క్రాష్, దోషశోధన.

1. ఉపోద్ఘాతం

ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌కు ఈ అక్షరం సందేశంగా వస్తే, దాన్ని చూపబోయిన అప్లికేషన్ మూతపడేది. తిరిగి తెరిస్తే అదే సందేశం ఎదురై మళ్ళీ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామే ఆగిపోయేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6ను విడుదల చేసి దీన్ని సరిదిద్దింది.

2. క్రాష్ స్వరూపం

ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి ప్రోగ్రామ్‌కూ కొంత మెమరీని కేటాయిస్తుంది. అనుమతి లేని చిరునామాను ప్రోగ్రామ్ తాకితే ప్రాసెసర్ ఆ సంగతిని కెర్నల్‌కు తెలుపుతుంది. కెర్నల్ ఆ ప్రోగ్రామ్‌ను ఆపివేస్తుంది. ఆ క్షణంలో ఏ ఫంక్షన్ నడుస్తున్నదో, దాన్ని ఏది పిలిచిందో క్రాష్ నివేదికలో నమోదవుతుంది.

మెమరీ పాడైన సందర్భాల్లో ఈ నివేదిక తుదిసాక్ష్యం కాదు. ఒక ఫంక్షన్ తన హద్దు దాటి రాస్తుంది. పాడైన ఆ విలువను తరవాతెప్పుడో చదివిన మరో ఫంక్షన్ దగ్గర ప్రోగ్రామ్ ఆగుతుంది. నివేదికలో కనిపించేది రెండవదాని పేరే. అందుచేత శోధకుడు క్రాష్‌ను మళ్ళీ మళ్ళీ రప్పిస్తూ, అందుకు కారణమైన ఇన్‌పుట్‌లో ఒక్కొక్క అంశాన్నే మార్చి చూస్తాడు.

3. అక్షర విశ్లేషణ

క్రాష్‌కు కారణమైన వరుసలో ఐదు యూనికోడ్ సంకేతాలున్నాయి: జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్‌జాయినర్, దీర్ఘం. నాలుగవది కంటికి కనిపించదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో ‘వ’ వత్తుగా మారకుండా పొల్లు తరవాత దీన్ని వాడతాం. ఇక్కడ అది హల్లుకూ దీర్ఘానికీ మధ్య చేరింది. తెలుగు రాతలో ఆ చోట దాని అవసరం లేదు. మామూలుగా రాసిన ‘జ్ఞానం’లో ఆ సంకేతం ఉండదు కనుక ఆ మాట ఈ క్రాష్‌కు కారణం కాదు.

అంశాలను మార్చి చూసినప్పుడు మరో సంగతి తేలింది. ‘జ’, ‘ఞ’ల స్థానంలో ఇతర తెలుగు హల్లులున్నా క్రాష్ ఆగలేదు. దేవనాగరి, బంగ్లా లిపుల్లోని కొన్ని సంయుక్తాక్షరాలకూ అదే ఫలితం వచ్చింది. రెండవ హల్లు రూపం మార్చుకొని మొదటిదానికి చేరడం వీటన్నిటికీ సమాన లక్షణం. ఆపిల్ భద్రతా ప్రకటన కూడా దీన్ని కోర్‌టెక్స్ట్ అనే అక్షరవిన్యాస భాగంలో మెమరీ పాడయ్యే లోపంగా పేర్కొని, ఇన్‌పుట్ పరిశీలనను మెరుగుపరచి సరిదిద్దినట్లు తెలిపింది.

4. ముగింపు

దోషం అక్షరంలో లేదు. దాన్ని తెరపై కూర్చే ప్రోగ్రామ్‌లో ఉంది. నిఘంటువులోని మాటలతో మాత్రమే పరీక్షిస్తే ఇటువంటి లోపం బయటపడదు. వత్తు, పొల్లు, గుణింతం ఎక్కడ రావచ్చో, ఎక్కడ రాకూడదో తెలిసినవారే రాకూడని వరుసలనూ ఊహించి పరీక్షకు సిద్ధం చేయగలరు. తెలుగు లిపిని చదువుకొన్నవారికి దోషశోధనలో పాత్ర ఉన్నదని ఈ ఉదంతం నిరూపిస్తున్నది.