పరుగెత్తిన కాలికి తొందర పనికిరాదు

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్ల పరుగు. ఇంచుమించు నల్లగొండ నుంచి మిర్యాలగూడకు ఉన్నంత దూరం. 1908 లండన్ ఒలింపిక్సులో పరుగెత్తిన ఈ కొలతనే 1921లో ప్రపంచమంతటికీ ఖాయం చేశారు. హైదరాబాదులో ఏటా ఆగస్టులో మారథాన్ జరుగుతోంది. అంత దూరం పోకపోయినా, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారుజామున ఊరి బాటల మీద పరుగు తీసే పిల్లలు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. ఆ పరీక్షకు ముందు కాలు దెబ్బతింటే ఏళ్ళ శ్రమ వృథా అవుతుంది.

నొప్పులు రెండు రకాలు

పరుగు మర్నాడు రెండు తొడలూ, రెండు పిక్కలూ బిగుసుకుపోయి మెట్లు దిగడం కష్టమవుతుంది. కండ పోగుల్లో కంటికి కనిపించని చిన్న చిన్న చీలికలే దీనికి కారణం. రెండో మూడో రోజు ఇది ఎక్కువై, వారంలోగా దానంతట అదే పోతుంది. భయపడవలసింది లేదు.

పరుగు మధ్యలో పిక్కలో ఎవరో కొట్టినట్టు చురుక్కుమంటే అది వేరు. కండ చిట్లిందన్న మాట. ఒక కాలికే నొప్పి, వాపు, కమిలిన మచ్చ కనిపిస్తాయి. స్వల్పమైతే ఒకటి నుంచి మూడు వారాలు, ఎక్కువైతే రెండు నెలల దాకా పడుతుంది. ముంగాలి ఎముక మీద వేలు పెట్టిన ఒక్కచోటే నొప్పి ఉంటే ఎముకకు సన్నని బీట పడి ఉండవచ్చు. పరుగు పూర్తిగా ఆపి వైద్యునికి చూపాలి.

చేయవలసినవి, చేయరానివి

మొదటి రెండు రోజులు ఐసుముక్కలు బట్టలో చుట్టి పావుగంట చొప్పున పెడితే నొప్పి తగ్గుతుంది. మెత్తని గుడ్డ కట్టి, కాలు ఎత్తులో పెట్టుకోవాలి. చిట్లిన కండను వేడి నూనెతో గట్టిగా మర్దన చేయిస్తే లోపల రక్తస్రావం పెరుగుతుంది. నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని మళ్ళీ పరుగెత్తడం మరీ ప్రమాదం. నొప్పి తెలియదు గాని గాయం పెద్దదవుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మందులు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ, పప్పు, గుడ్లు, జొన్నరొట్టె కండలు కోలుకోవడానికి చాలు. డబ్బాల పొడులు కొననక్కరలేదు. మూత్రం నల్లటి టీ రంగులో వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రులకు పోవాలి.

కూలికి పోయేదెట్లా?

రోజు కూలి మీద గడిచే ఇంట్లో విశ్రాంతి అనడం తేలిక, తీసుకోవడం కష్టం. మంచం పట్టి పడుకోవలసిన అవసరమూ లేదు. ఉత్త బిగువైతే మెల్లగా నడవడమే మంచిది. కండ చిట్లితే మాత్రం బస్తాలు మోయడం, గడ్డపారతో తవ్వడం, దుక్కిలో నడవడం మానుకుని కూర్చుని చేసే పని చూసుకోవాలి. నాలుగు రోజుల కూలి పోతుందని తొందరపడితే రెండు నెలల కూలి పోతుంది.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరిన్ నీళ్ళతో నడుము, కీళ్ళు పట్టేసిన పెద్దలు ఉన్నారు. ఆ నొప్పి వేరు. నెలల తరబడి ఉండే నొప్పిని పరుగు మీదికి తోసి ఊరుకోరాదు.

మళ్ళీ పరుగు ఎప్పుడు?

కుంటకుండా అరగంట నడవగలగాలి. దెబ్బతిన్న కాలి మీదే నిలబడి మడమను ఇరవైసార్లు ఎత్తగలగాలి. ఆ తర్వాతే నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున మొదలుపెట్టాలి. ఎన్ని మైళ్ళు పరుగెత్తితే అన్ని రోజులు గట్టి పరుగు మానాలన్నది పాత పరుగువీరుల లెక్క. మారథాన్ 26 మైళ్ళు గనుక దాదాపు నెల. పరీక్షకు ఇంకా సమయం ఉన్నవారు ఈ లెక్కను ముందే వేసుకోవడం మేలు.