వాగు దాటాక జిప్సీని ఒకసారి చూసుకోండి!

వానలు పడితే చాలు, ఆసిఫాబాద్ నుంచి కెరమెరి, జోడేఘాట్ వైపు తిరిగేవాళ్లకు పాత జిప్సీ విలువ తెలిసొస్తుంది. 1985లో వచ్చిన ఈ మారుతి బండి తయారీ ఆగి ఏళ్లయింది. ఉన్నదాన్ని కాపాడుకోవాల్సిందే.

ఫోర్ వీల్ వేసినా ముందు చక్రాలు లాగట్లేదా? గేర్‌బాక్స్ విప్పించకండి. ముందు హబ్‌లు 'లాక్'లో ఉన్నాయేమో చూడండి. చాలాసార్లు తిరకాసు అక్కడే.

వాగులో దిగొచ్చారా? వేడి డిఫరెన్షియల్ చన్నీళ్లలో చల్లారేటప్పుడు లోపలికి గాలి పీలుస్తుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే సీళ్ల సందుల్లోంచి నీళ్లే లాగేస్తుంది. ఆయిల్ పాలచాయ్‌లా కనిపిస్తే వెంటనే మార్చండి. లేదంటే బేరింగులు పోతాయి. తడిసిన బ్రేకులు ఆరేదాకా మెల్లగా నడుపుతూ నొక్కుతుండండి.

తారురోడ్డు ఎక్కగానే టూ వీల్‌కు మార్చేయండి. ముందు, వెనుక చక్రాలకు మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపుల్లో బిగుసుకుంటుంది.

ఆఖరి మాట. జిప్సీ బరువు టన్నుకు అటూఇటూ. ఉరికే వాగుకు అదో లెక్కా? కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే ఆగిపోండి. ఆలస్యమైనా ఇల్లు చేరతారు.