గోండు గూడెంలో సర్కారు సొమ్ము

"అడవి మనుషుల ఆచారాలు తెలుసుకోవడానికి సర్కారు సొమ్ము దండగ కాదా, మాస్టారూ?" అని మా కాలేజీ కుర్రవాళ్ళు అప్పుడప్పుడు అడుగుతూ వుంటారు. పన్ను కట్టేవాళ్ళు అడగదగిన ప్రశ్నే! నేను చెప్పే జవాబు ఆనాటి ఆదిలాబాదు జిల్లా ముచ్చట.

1940లో జోడేఘాట్ కొండల్లో, భూమి కోసం తిరగబడిన గోండు నాయకుడు కుమురం భీం పోలీసు తుపాకులకు బలి అయినాడు. గోండులు అంత తెగింపుకు యెందుకు వచ్చారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం వారికి అప్పుడుగాని తోచలేదు. యుద్ధం మూలంగా సంస్థానంలో నిలిచిపోయిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌కు ఆ పని వొప్పగించారు. ఆయనా, భార్య బెట్టీ మార్లవాయి గూడెంలో కాపురం పెట్టారు. ఆయన గోండి నేర్చి, వాళ్ళ పురాణ గాథలతోపాటు కష్టాలు కూడా రాసుకున్నారు. దున్నుకునే నేల రిజర్వు అడవి పేరుతో కొంతా, షావుకార్ల చేతికి కొంతా యెలా జారిపోయిందో ఆ రాతల్లో బయటపడింది.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండిలో వాచకాలు వచ్చాయి. వేల కుటుంబాలకు భూమి పట్టాలు దక్కాయి. 1946లో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక చట్టమే వచ్చింది.

సొమ్ము దండగ కాలేదు సరే. ఆ సొమ్మేదో తుపాకి పేలకముందే ఖర్చుపెట్టి వుంటే యెంత బాగుండేది! పరిశోధనకు గ్రాంటు అడిగిన ప్రతిసారీ ఖజానావారు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

1987లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే వుంది.