ముల్లు మొరాయిస్తే...

కృష్ణానగర్‌లో నాకో మిత్రుడున్నాడు. లావుపాటి కామెడీ వేషాలకి పెట్టింది పేరు. మోకాళ్లు మొరపెడుతున్నాయని కిందటేడు 'స్లీవ్' ఆపరేషన్ చేయించుకున్నాడు. అంటే జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైగా కోసి తీసేయడమన్నమాట! ఆర్నెల్లలో 128 కిలోలవాడు 95కి దిగాడు.

అక్కడ ఇంటర్వెల్ కార్డు పడింది! ఐదు వారాలు కాటా ముల్లు కదిలితే ఒట్టు. "ఇటు లావూ కాదు, అటు సన్నమూ కాదు. నాకెవరిస్తారు గురూ వేషం?" అని బెంగపడ్డాడు. తినే నాలుగు ముద్దలూ మానేసి కాఫీల మీద బతికాడు. ఓ రోజు షూటింగులో కళ్లు తిరిగి పడ్డాడు.

డాక్టరుగారు చీవాట్లేశారు. ఇలా మధ్యలో ఆగడం మామూలేనట. ఒళ్లు తగ్గినకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది మరి! పస్తులుంటే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. కండ పోతే ఆ ఖర్చు ఇంకా పడిపోతుంది. అంచేత ముందు గుడ్డు, చేప, పప్పు, పెరుగు. అన్నం ఆ తరవాతే. రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నారు. నడకతోపాటు కాస్త బరువులెత్తడం, విటమిన్ మాత్రలైతే జన్మంతా. చక్కెర కాఫీలూ, కూల్‌డ్రింకులూ దొంగదెబ్బ తీస్తాయి. ఎంత చిన్న పొట్టలోనైనా ఇట్టే జారిపోతాయి కదా! రోజూ కాటా ఎక్కడం కూడా మానెయ్యమన్నారు.

తమాషా ఏమిటంటే, ముల్లు కదలని ఆ రోజుల్లోనే మనవాడి నడుం రెండంగుళాలు తగ్గిందట. ఆ సంగతి పట్టుకున్నది కాస్ట్యూమరు!

ఇప్పుడు 91. మొన్న ఇన్‌స్పెక్టర్ వేషానికి కొలతలిచ్చొచ్చాడు.